తోడుకోని ఆదివారం పాలు

ఈ రోజు పొద్దున గిన్నె మీది మూత తీసి చూస్తే పెరుగు తోడుకోలేదు. నిన్న సాయంత్రం పిండిన మా ఆవు పాలే. కాచి, ఆరబెట్టి, వేలు పెట్టి వెచ్చదనం చూసి, చెంచాడు పెరుగు వేసి, గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టింది నేనే. పెళ్లయిన నాటి నుంచి చేస్తున్న పని, అందులో తప్పు పోవడానికి ఏముంది? అయినా గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. మా ఆయన తుమ్మలపల్లె గనిలో పంపుల దగ్గర పని చేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటూ సంగతి విని, చలి ఎక్కువైందన్నాడు, తోడు మరీ పాతబడిందన్నాడు, గిన్నెకు సబ్బు అంటుకుని ఉంటుందన్నాడు. ఇంట్లో ఏది చెడినా ఆయన మూడు కారణాలు చెప్పి స్నానానికి పోతాడు. తిరిగి వచ్చేసరికి నేను కొట్టంలో గొంతుక్కూర్చుని ఆవు చన్నులు ఒక్కొక్కటే ఒత్తి చూస్తున్నాను. పెరుగు తోడుకోకపోతే పొదుగు తడుముతావేమని అడిగాడు. చన్నులు నాలుగూ మెత్తగా, చల్లగా ఉన్నాయి. ఆవుకు ఈ మధ్య ఏ మందూ వేయలేదని నాకు తెలుసు. తెలిసి కూడా నా చేతులు అక్కడికే పోయాయి.

ఎందుకు పోయాయో చెప్పాలంటే మా అత్త దగ్గర మొదలుపెట్టాలి. మా ఊరు వేంపల్లెకు ఆటోలో అరగంట దూరం. మా వీధి చివర రాతి గోడల చర్చి ఉంది. మేమంతా దాన్ని గుడి అనే అంటాం. అత్తకు చదువు రాదు. కానీ పాటల పుస్తకంలో ఏ పాటకు ఏ నంబరో గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పాదిరి అయ్యగారు నంబరు మరిచిపోతే ముందు వరసలోంచి అత్తే అందించేది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. నడిస్తే చప్పుడయ్యేది కాదు, మాట్లాడితే మాత్రం నాలుగిళ్ల అవతలికి వినిపించేది. నేను ఇంటర్ పాసై, కొంచెం టెక్కుతో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన మొదటి నెలలోనే ఆమె నా బుర్ర గిర్రున తిప్పింది.

మా గుడి ఆడవాళ్లకు పిడికెడు బియ్యం అని ఒక వాడుక ఉంది. అన్నం వండటానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. ఒక సాయంత్రం మా ఇంటికి చెప్పాపెట్టకుండా చుట్టాలు వచ్చారు. చూస్తే డబ్బాలో బియ్యం అడుగంటాయి. అంగడి మూసేశారు. ఆ కుండలో మాత్రం శేరుకు తక్కువ లేకుండా ఉన్నాయి. ఇప్పటికి వండేసి రేపు కుండలో తిరిగి పోసేద్దామని నేనన్నాను. అత్త నన్ను వింతగా చూసింది. పక్కింటి గోడ దూకి బియ్యం తెమ్మన్నట్లు ఉంది ఆ చూపు. "అవి మనింట్లో లేవు పాపా" అంది. కుండ మాది, అటక మాది, బియ్యం నా కళ్ల ముందు తెల్లగా మెరుస్తున్నాయి, అయినా అవి మా ఇంట్లో లేవు. ఆమె పక్కింటికి పోయి బియ్యం బదులు తెచ్చింది. చుట్టాలు తిని పోయారు. నేను మాత్రం ఆ కుండను శానాసేపు చూస్తూ నిలబడ్డాను, ఏమీ అర్థం కాక.

ఆదివారం పాలు కూడా ఆ కుండలాంటివే. మా ఆయనకు మూడేళ్లప్పుడు జ్వరం తలకెక్కి, ఇక దక్కడనుకున్న రోజు అత్త ఒక మొక్కు మొక్కుకుందట. పిల్లోడు లేచి కూర్చుంటే బతికినన్నాళ్లూ ఆదివారం పొద్దుటి పాలు ఒక చెంబెడు గుడికి ఇస్తానని. పిల్లోడు లేచి కూర్చున్నాడు, ఇప్పుడు మూడు కారణాలు చెప్తున్నాడు. ఆ చెంబు ఆరాధన గంట కొట్టకముందే అయ్యగారి ఇంటికి చేరేది. సగం ఆరాధన తర్వాత అందరికీ టీ అయ్యేది. మిగతా సగం అయ్యగారి భార్య తోడు వేసుకునేది. ఆమెను మేము అమ్మగారు అంటాం. ఒక్క ఆదివారం కూడా తప్పకూడదని మా ఇంట్లో ఎప్పుడూ ఆవు ఒకటి, ఎనుము, అంటే బర్రె, ఒకటి ఉండేవి. ఒకటి వట్టిపోయే కాలానికి ఇంకొకటి పాలిచ్చేది. తర్వాత ఎనుము ముసలిదై చచ్చిపోయింది. ఎర్రగా, నుదుట తెల్ల మచ్చతో ఉండే జెర్సీ ఆవు ఒక్కటే మిగిలింది.

ఆ ఆవును అత్త దూడ నుంచి సాకింది. వేరుశనగ కట్టె మేస్తూ కూడా అత్త గొంతు వినిపిస్తే తల ఎత్తేది. కానీ దానికి అప్పటికే ఒక దెబ్బ తగిలింది. కిందటి ఈతకు ముందు మేము పాలు పిండడం ఆపలేదు. ఇస్తున్నంత కాలం పిండుకోవడం, అదే ఇవ్వడం మానేస్తే ఊరుకోవడం, అదే మాకు తెలిసిన పద్ధతి. ఈనడానికి వారం ముందు ముందర కుడి చన్ను వాచింది. పసుపు రాశాం, కలబంద గుజ్జు పట్టించాం, ఎవరో చెప్పారని సున్నం కూడా పూశాం. డాక్టరు వచ్చేసరికి ఆ చన్ను చచ్చిపోయింది. తర్వాత అది పొదుగుకు ఊరికే వేలాడేది, బావికి వేసిన తెగిన తాడులాగ. మా ఆవుకు నాలుగు చన్నులు, పాలు మూడింట్లో.

మామ మాటలు తక్కువ మనిషి. ఆయన ఏదన్నా తీర్మానం చేసుకుంటే నోటితో చెప్పడు, చేత్తో చేస్తాడు. మా వైపు పశువును అమ్మేటప్పుడు ఇంటి పలుపుతో పంపరు. పలుపుతో పాటే ఇంటి పాడి పోతుందని భయం. కొత్త తాడు వేసి తోలుతారు, పాతది కొట్టంలో గాటనే ఉంచుకుంటారు. ఆవు మళ్లీ చూడి కట్టిన ఏడో నెలలో మామ అరుగు మీద కూర్చుని కిత్తనార పేనడం మొదలుపెట్టాడు. రెండు రోజులు పేనాడు. తాడు చివర ముడి వేసి కొట్టంలో కొయ్యకు తగిలించాడు. "ఇంగొక సన్ను పోయిందంటే సంతకు తోల్కపోతా. రెండు సన్నులావును పెట్టుకోని ఏం జేసేది?" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి అత్త కొట్టంలోకి పోయినప్పుడల్లా ఆ కొయ్య వైపు చూడకుండా పని చేసుకోవడం నేర్చుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాలు పోసే ఆడవాళ్లకు పశువుల ఆస్పత్రిలో ఒకరోజు శిక్షణ పెట్టారు. ఇంట్లో చదివినదాన్ని కదా అని నన్ను పంపారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కోస్తా నుంచి వచ్చింది, స్కూటీ మీద తిరిగేది. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పూర్తిగా ఆపాలని, ఆ రెండు నెలల్లో పొదుగు విశ్రాంతి తీసుకుని కొత్తగా తయారవుతుందని, పాత జబ్బు దాక్కునేదీ కొత్త జబ్బు దూరేదీ కూడా ఆ కాలంలోనేనని చెప్పింది. ఆఖరి సారి చుక్క మిగలకుండా పిండాలి. ఒక్కో చన్ను కొసను స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడవాలి, ఒక చన్నుకు వాడిన దూది ఇంకో దానికి వాడకూడదు. చన్ను లోపలికి మందు ట్యూబు ఎక్కించాలి. ఎర్రమందులో చన్నులు ముంచాలి. తర్వాత ఈనేంత వరకు చన్ను మీద చెయ్యి వేయకూడదు. నేను ఇవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను, కింద గీతలు కూడా గీసుకున్నాను. మూడు ట్యూబులు ఇచ్చి, చేసే తీరు అక్కడి ఆవు మీద చూపించి పంపింది. నాకు పెద్ద పరీక్ష పాసైనట్లే అనిపించింది. పుస్తకం చంకలో పెట్టుకుని, వేంపల్లె నుంచి ఆటోలో వస్తూ ముగ్గురికి పొదుగు గురించి పాఠం చెప్పాను.

ఒక సోమవారం పొద్దున ఆ పని పెట్టుకున్నాం. నాలుగైదు రోజుల ముందు నుంచే దాణా తగ్గించాను. పాలు ఒక పూటకు దింపాను. అత్త ఆఖరి సారి పిండి, ఇక చుక్క రాదు అన్నాక లేచి ఆవు తల పట్టుకుంది. నేను చేతులు కడుక్కుని, డబ్బా మూతలో స్పిరిట్ పోసి, మూడు దూది ఉండలు తడిపి పెట్టుకున్నాను. ముందర ఎడమ చన్ను అయింది. వెనక ఎడమ చన్ను అయింది. ఆవుకు విసుగు పుట్టి తోక విసిరింది. మూత తిరగబడింది, మూడో దూది పోయి పేడలో పడింది. ఇంట్లోకి పోయి ఇంకో దూది తెచ్చుకోవాలి. ఆవు కాలు ఆడిస్తోంది, అత్త చేతులు నొప్పి పెడుతున్నాయంటోంది, ట్యూబు మూత అప్పటికే తీసి పట్టుకున్నాను. కొంగు కొస తీసి వెనక కుడి చన్ను తుడిచి, ట్యూబు ఎక్కించి, ఎర్రమందు పట్టించేశాను, అది కాస్త కొంగు మీద కూడా ఒలికింది. కొంగు శుభ్రంగానే ఉందనుకున్నాను. పొద్దున అదే కొంగు తలకు చుట్టుకుని పేడగంప మోశానని ఆ క్షణంలో గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి ఆవు ముందు గడ్డి వేసి, అరగంట సేపు పడుకోకుండా నిలబెట్టి, అంతా పుస్తకంలో రాసినట్లే చేశానని మామకు చెప్పేశాను.

తర్వాతి రోజుల్లో ఇల్లంతా అయోమయం. పొదుగు నిండి గట్టిపడింది. అత్త చూసి తట్టుకోలేకపోయింది. పాలు కట్టుకుంటే ఎట్లుంటుందో ఇద్దరు పిల్లల తల్లివి నీకు తెలియదా అంది. ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది, ఆ పాలు లోపలే ఇంకిపోతాయి అని నేను పుస్తకం తెరిచి చూపించాను. చదువు రాని ఆమెకు పుస్తకం చూపించడమేమిటో నాకే తెలియదు. ఆమె మాత్రం గీతలు గీసిన చోట వేలు పెట్టి, సరే అన్నట్లు తలూపింది. పది రోజులకు ఎడమ వైపు రెండు చన్నులూ ముడుచుకుపోయాయి, చెప్పినట్లే. వెనక కుడిది మాత్రం దిగలేదు. ఒక రోజు మెత్తబడినట్లుంటుంది, తర్వాత మళ్లీ నిండుతుంది. పుస్తకంలో దీనికి జవాబు లేదు. దాణా ఇంకా తగ్గించాను. చూడి ఆవును పస్తులు పెడతావా అని మామ నా మీద కసిరాడు. మరునాడు దాణా పెంచాను, మళ్లీ భయపడి తగ్గించాను. ఆవు కూడా నన్ను అనుమానంగా చూడసాగింది.

ఇంతలో అమ్మగారి పెరుగు తోడుకోలేదు. మొదటి ఆదివారం ఆమె తోడు చెడిపోయిందనుకుంది. రెండో ఆదివారం తర్వాత మా పక్కింట్లో తోడు అడిగి తీసుకుపోయింది, దానితోనూ తోడుకోలేదు. మా వీధిలో పెరుగు తోడుకోకపోవడం చిన్న సంగతి కాదు. కుండ మార్చమన్నారు ఒకరు, ఎండుమిరపకాయ తొడిమ వేయమన్నారు ఇంకొకరు. అయ్యగారు చలి అన్నారు గానీ అది ఎండాకాలం. ఆ బుధవారం కుళాయి దగ్గర అమ్మగారు నన్ను పక్కకు పిలిచింది. "ఏమ్మా, మీ ఆదివారం పాలలో ఏమన్నా కలుపుతున్నారా? రెండు వారాలుగా తోడుకోవడం లేదు" అంది. మేము పాలు పిండడం మానేసి పదిహేను రోజులైందని నేను చెప్పాను. అట్లైతే మీ అత్త తెచ్చి ఇస్తున్నవి ఏమిటని ఆమె అడిగింది. ఇద్దరం బిందెలు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అత్త అబద్ధమాడుతుందని అనడానికి ఆమెకు నోరు రాలేదు, నాకూ రాలేదు.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పుకోవాలి. అత్త పక్కింట్లో ఎనుము పాలు కొని మొక్కు తీరుస్తోందని నేను ఊహించాను. పక్కింటి ఆమెను అడిగితే, మీ అత్త మా గడప తొక్కి నెలైంది అంది. వీధిలో ఇంకో రెండిళ్లు అడిగాను. ఎవరూ పాలు పోయలేదు. ఆ చెంబెడు పాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు అంతు చిక్కలేదు. ఊరంతా తిరిగాను గానీ మా కొట్టం వైపు నా బుద్ధి పోలేదు, ఎందుకంటే మేము పాలు ఆపేశాం కదా. పాలు ఆపిన ఆవు నుంచి పాలెట్లా వస్తాయి? అత్తనే నేరుగా అడిగి ఉంటే ఒక్క మాటతో తేలిపోయేది. ఆమె దాచేది ఏమీ లేదు. ఆదివారం పొద్దున నేను పిల్లలకు తలలు దువ్వుతూ, బట్టలు తీస్తూ లోపల ఉంటాను, మా ఆయన అప్పట్లో గని పనికి కొత్త, ఇంట్లో ఉంటే నిద్రే. అంతే.

మూడో ఆదివారం పొద్దున సబ్బు కోసం దొడ్లోకి పోయిన నాకు కొట్టంలోంచి అత్త కూనిరాగం వినిపించింది. తొంగి చూస్తే ఆమె ఆవు కుడి వైపున కూర్చుని, మోకాళ్ల మధ్య ఇత్తడి చెంబు పెట్టుకుని పాలు పిండుతోంది. ముందర కుడి చన్ను ఎట్లాగూ చచ్చిపోయింది, చేతికి అందేది వెనకదే. ఏం చేస్తాండావత్తా అని అడిగాను. ఆమె తల కూడా తిప్పకుండా, ఆదివారం పాలు అంది.

"పాలు ఆపేసినాం కదత్తా. ముట్టుకోవద్దని చెప్పింటి కదా."

"మన పాలు ఆపినాం పాపా. ఇవి మనవి కాదు గదా" అంది అత్త, చిన్నపిల్లకు చెప్పినట్లు.

నాకు ఆ బియ్యం కుండ గుర్తొచ్చింది. ఆమె లెక్కలో మేము నిజంగానే పాలు ఆపేశాం. మిగతా ఆరు రోజులూ అత్త ఆ పొదుగును వేలితో కూడా తాకలేదు. ఏడో రోజు పాలు మా ఇంట్లో లేవు, కాబట్టి ఆ రోజు పిండడం పిండడం కాదు. వారానికోసారి చన్ను తెరుచుకుంటోంది, లోపల వేసిన మందు చెంబులోకి వస్తోంది, ఆ మందు పాలలో తోడు చచ్చిపోతోంది, ఆరాధన తర్వాత అందరం ఆ టీ తాగుతున్నాం. ఇవన్నీ ఒక్కసారిగా నా తలలోకి వచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అప్పుడే అత్త, ఈ పొద్దు సరిగా రావడం లేదు పాపా, ఆవు కాలెత్తుతాండాది అంది. నేను పోయి చన్ను పట్టుకున్నాను. వేడిగా కాలుతోంది. పైన పొదుగు రాయిలా గట్టిపడింది. శిక్షణలో చెప్పినట్లు మామ పాత గొడుగు నల్ల గుడ్డ మీద రెండు చుక్కలు పిండితే, నీళ్లలాంటి పాలలో తెల్లని పెల్లలు పడ్డాయి. అత్త ఆ గుడ్డను చూసింది, నన్ను చూసింది, ఇన్నాళ్లుగా చూడకుండా తప్పించుకున్న కొయ్య వైపు చూసింది. తర్వాత చెంబు తీసుకుని లేచింది. దేవుని పాలు మట్టిలో పోయడానికి ఆమెకు చేతులు రాలేదు. దొడ్డి అంతా రెండు సార్లు తిరిగి, ఎవరూ తొక్కని గోడ మూల చూసి అక్కడ పోసింది.

డాక్టరమ్మ మధ్యాహ్నం వచ్చింది. బట్టలుతికే పొడిని నీళ్లలో కలిపి, ఆ చన్ను పాలలో పోసి గిన్నె తిప్పితే పాలు గంజిలా జిగటగా సాగాయి. వెనక ఎడమ చన్ను నుంచి రెండు చుక్కలు తీసి చూస్తే ఏమీ కాలేదు. పొదుగు వాపు ఆ ఒక్క చన్నుకే పట్టిందంది. సూది వేసింది, చన్నులోకి వేరే మందు ఎక్కించింది, ఐదు రోజులు పూటకోసారి ఆ చెడు పాలు పిండి గుంటలో పోయాలని, తర్వాత తనే వచ్చి మళ్లీ ఆపుతానని చెప్పింది. దక్కుతుందా అని మామ అడిగాడు. ఈనాక గానీ చెప్పలేనంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, ట్యూబులు ఎక్కించేటప్పుడు చన్నులు సరిగా తుడిచావా, మూడింటికీ వేరే వేరే దూది వాడావా అని అడిగింది. కొంగు నా చేతిలోనే ఉంది. దాన్ని పిడికిట్లో ముద్ద చేసుకున్నాను. నోరు తెరవబోయాను.

"పాప పుస్తకంలో రాసుకున్నెట్లే చేసింది డాక్టరమ్మా" అంది అత్త. "చెడగొట్టింది నేను. నా మొక్కు."

నేను నోరు మూసుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తుంది. చన్నులోకి జబ్బు పోయింది అత్త చేతి నుంచా, నా కొంగు నుంచా? రెండూ ఒకే చన్ను మీద పడ్డాయి. డాక్టరమ్మకు ఒకటే చెప్పాం, ఆమె ఒకటే నమ్మింది. మామ కొయ్యకున్న తాడు తీసి, బిగువు చూసి, మళ్లీ తగిలించాడు. ఈనేంత వరకు ఆగుతానన్నట్లు.

ఆ సాయంత్రం అత్త అయ్యగారి దగ్గరికి పోయింది. నన్ను తోడు రమ్మంది. ఇన్నేళ్ల మొక్కు ఇప్పుడు తప్పాలా, పిండి ఆవును పోగొట్టుకోవాలా అని అడిగింది. అయ్యగారు మంచి ప్రసంగీకుడే గానీ ఈ ప్రశ్న ఆయన చదివిన చదువులో లేదు. కళ్లజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. దేవునికి పాలు అక్కర్లేదమ్మా అన్నారు. అది నాకు తెల్సు అంది అత్త. లోపలి నుంచి అమ్మగారు వచ్చి, చెంబు తేవడం మానకు, ఉత్త చెంబే తెచ్చి ఇవ్వు, నేను తీసుకుంటాను అంది. ఇది కుదురుతుందని అత్త ఒప్పుకుంది. ఆ తర్వాతి ఆదివారాలు ఆమె చింతపండుతో తోమి మెరిపించిన ఖాళీ చెంబును కొంగు కప్పుకుని తీసుకుపోయేది. అమ్మగారు దాన్ని రెండు చేతులా అందుకుని లోపల బోర్లించేది. ఆరాధన అయ్యాక తిరిగి ఇచ్చేది. ఆ వారాల్లో మేమంతా పాలు లేని టీ తాగాం.

ఐదు రోజులకు వేడి తగ్గింది, పెల్లలు పోయాయి. డాక్టరమ్మ తనే వచ్చి ఆ చన్నుకు కొత్త ట్యూబు ఎక్కించింది. ఆమె దూది ఎన్ని సార్లు మార్చిందో నేను మనసులో లెక్క పెట్టాను. ఒక్క చన్నుకే మూడు ఉండలు వాడింది, చివరిది తెల్లగా తిరిగి వచ్చేంత వరకు. తర్వాత రోజూ పొద్దున ఆవు కింద బూడిద చల్లి పొడిగా ఉంచాను, చేయి తగలనీయకుండా కళ్లతోనే పొదుగు చూశాను. ఆ చన్ను ముడుచుకుంది. అది మంచికి ముడుచుకుందో, చచ్చిపోయి ముడుచుకుందో బయటికి తెలియదు. అత్త అడిగేది, నేను తెలియదనేదాన్ని. ఆమె నన్ను ఓదార్చేది. ఓదార్పు అందుకుంటూ నేను తల తిప్పుకునేదాన్ని.

ఒక మిట్టమధ్యాహ్నం ఆవు ఈనింది. పెయ్య దూడ, తల్లి లాగే నుదుట మచ్చ. మాయ పడ్డాక, ఆవు దూడను నాకుతుండగా మామ వచ్చి పొదుగుకు ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ అట్లా కూర్చోలేదు. అత్త చేతులు కడుక్కుంది గానీ ముందుకు రాలేదు. నువ్వు పిండు పాపా అంది. వేడినీళ్లతో పొదుగు కడిగి, తుడిచి, వెనక కుడి చన్ను పట్టుకున్నాను. మొదటి సారి లాగితే ఏమీ రాలేదు. రెండో సారి మైనం లాంటి బిరడా ఒకటి ఊడింది. మూడో సారీ ఏమీ రాలేదు. మామ లేవబోయాడు. నాలుగో సారికి చిక్కగా, పసుపుపచ్చగా జున్నుపాలు సన్నటి ధారగా వచ్చి నా మణికట్టు మీద పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, అందరి ముందే ఏడ్చాను. ఆవు దక్కిందని ఏడుస్తున్నానని వాళ్లనుకున్నారు, అది కూడా నిజమే. మామ కొయ్యకున్న తాడు తీసి, కొడవలితో సగానికి కోసి, ఒక ముక్కతో దూడ మెడకు పలుపు చేశాడు. రెండో ముక్కతో దొడ్డి తలుపు కట్టాడు. ఆ చన్ను మిగతావాటి కంటే కొంచెం తక్కువే ఇచ్చింది, కానీ ఇచ్చింది. జున్నుపాలు తిరిగి మామూలు పాలైన మొదటి ఆదివారం చెంబు నిండుగా గుడికి పోయింది. మరునాడు అమ్మగారు పిలిచి పెరుగు గిన్నె బోర్లించి చూపించింది. కింద పడలేదు.

నేను అత్తకు చెప్పాలని ఎన్నో సార్లు అనుకున్నాను. చెప్పడానికి ఆరేళ్లు పట్టింది. మామ పోయిన ఏడాది, విత్తనాలకు వేరుశనగకాయలు ఒలుస్తూ అరుగు మీద కూర్చున్నాం. మాట ఎక్కడి నుంచో ఆ ఆవు మీదికి పోయింది. మూడో దూది పేడలో పడిన సంగతి, కొంగు సంగతి చెప్పేశాను. అత్త కాయలు ఒలవడం ఆపలేదు.

"ఆ పొద్దే తెల్సు నాకు" అంది. "నీ చీర ఉతికింది ఎవురనుకున్యావు? కొంగు కొసకు పేడ, దాని మింద ఆ ఎర్రమందు. మూడు తూర్లు ఉతికినా పోలేదు."

మరి డాక్టరమ్మ ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పింటే నువ్వు ఆ పుస్తకం అటక మింద పారేసిందువు. ఇంగ ఆవును సూసేదెవురు? అయినా నేను పిండకుండా ఉంటే నీ కొంగు ఏం జేసి ఉండునో, నువ్వు దూదితోనే తుడిచింటే నా చెయ్యి ఏం జేసి ఉండునో. నాకు తెల్దు పాపా. నీకు తెల్సా?"

నాకూ తెలియదన్నాను. ఆమె ఒలిచిన గింజలు నా చేటలో పోసి, ఇంకో గంప ముందుకు లాక్కుంది. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ ఎత్తుకోలేదు. డాక్టరమ్మను అడుగుదామంటే అప్పటికే ఆమెకు వేరే జిల్లాకు బదిలీ అయింది. అడిగినా ఆమె మాత్రం ఏం చెప్తుంది, ఆ చన్నులో ముందు ఎవరు అడుగు పెట్టారని.

అత్త పోయి రెండేళ్లయింది. ఇప్పుడు కొట్టంలో ఉన్నది ఆ పెయ్య కన్న పెయ్య, నాలుగు చన్నులూ సరిగ్గా ఉన్న ఆవు. వచ్చే సోమవారం దానికి పాలు ఆపాలి. అందుకే పొద్దున పెరుగు చూసి నా చేతులు దాని పొదుగు మీదికి పోయాయి కాబోలు. నాలుగు చన్నులకు నాలుగు దూది ఉండలు చాలు, నేను పన్నెండు చేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాను. కొంగు తీసి నడుముకు చెక్కుకుంటే మా ఆయన నవ్వాడు, సోమవారానికి ఇప్పుడే తయారవుతావా అని. అత్త పోయాక ఆమె మొక్కు నేనే నడుపుతున్నాను, పాలు ఆపాక వచ్చే ఆదివారాల్లో ఇత్తడి చెంబును ఖాళీగానే తోముకుని గుడికి తీసుకుపోతాను. అయ్యగారు మారారు, ఈ కొత్త అమ్మగారికి ఆ చెంబు ఎందుకో తెలియదు. అయినా రెండు చేతులా అందుకుని బోర్లిస్తుంది. మధ్యాహ్నం గిన్నె మూత తీసి చూస్తే పెరుగు తోడుకునే ఉంది. మా ఆయన చెప్పిన మొదటి కారణమే నిజం, వట్టి చలి. తప్పు ఎంత నాదో ఎంత అత్తదో మేమిద్దరం తేల్చుకోలేకపోయాం, ఇక తేల్చుకోవడానికి ఆమె లేదు. రెండు పిడికిళ్ల బియ్యం ఒకే కుండలో పడ్డట్టు కాలం మా ఇద్దరి వంతూ కలిపేసింది, ఇప్పుడు వేరు చేయమన్నా నా చేత కాదు.